మెడ కొలత

ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డు మీద, పత్తి లారీలు ఆగే కాడ, సరస్వతి షాపు ఉంది. షాపంటే పెద్ద షాపేం కాదు. ముందర రేకుల పందిరి, లోపల పొడుగాటి గది, గది చివర ఒక కొళాయి. బోర్డు మీద ఇప్పటికీ మొగుడు రంగప్ప పేరే ఉంది. రంగప్ప గుండెనొప్పితో పోయినాక, ఆడది ట్యూబులకు పంచర్లేం వేస్తాదిలే అని బజారంతా మూతి విరిచింది. ఆ విరిచినోళ్ళే ఇప్పుడు మందు కొట్టే పంపుల వాషర్లు పట్టుకొని ఆమె గడపలో నిలబడతారు. పని ఎంత బాగా చేస్తాదో, తిట్టు కూడా అంత బాగా తిడతాది. అయినా ఎవరూ వేరే షాపుకు పోరు.

వాన పట్టిన ఒక మధ్యాహ్నం ఆమె తమ్ముడు మహేశ్వర్ గోనె బోరెం ఒకటి భుజానేసుకొని వచ్చినాడు. అందులో నుంచి నల్లటి రబ్బరు డ్రెస్సొకటి బారెడు బారెడు బయటికి లాగి బల్ల మీద పరిచినాడు. కాళ్ళకు బూట్లు దానికే అతికి ఉన్నాయి. మనిషిని తీసేసి తోలు మాత్రం మిగిల్చినట్టు ఉంది చూసేదానికి.

మహేశ్వర్ నీళ్ళలో మునిగి పని చేసే మనిషి. హోస్పేట డ్యాము కాడ ఒక కాంట్రాక్టరు కింద ఆ విద్య నేర్చుకున్నాడు. గేట్లు ఇరుక్కున్నా, తూముల్లో మొద్దులు అడ్డం పడినా అడుగుకు దిగి సరిచేసి వస్తాడు. దిగేటప్పుడు ఇట్లాంటి డ్రైసూట్ వేసుకుంటాడు. దానికి మెడ కాడ, మణికట్ల కాడ పల్చటి రబ్బరు సీళ్ళు ఉంటాయి. అవి ఒంటిని కరుచుకొని ఉన్నంతసేపూ లోపల బనియను కూడా తడవదు. అవి చిరిగితే డ్రెస్సంతా నీళ్ళు నిండి మనిషి రాయిలాగా కిందికి పోతాడు.

“మూడు సీళ్ళూ మార్చల్లక్కా. కొత్తవి తెచ్చినా. రేపు పొద్దున్నే దిగల్ల.”

“యాడ దిగేది?”

“మనూరి నీళ్ళ చెరువులోనే. తూము గేటు సగంలో ఇరుక్కోని ఉంది కదా.”

ఆ తూము కాడనే మొన్న మహేశ్వర్ జతగాడు ఈరప్ప చచ్చిపోయినాడు. సిరుగుప్ప మనిషి, కన్నడమాయన, భారీ ఆకారం. పాతబడిన మెడ సీలు చిరిగి, లోపలికి నీళ్ళు నిండి, పైనున్నోళ్ళు తాడు లాగేలోపల అయిపోయింది. శవాన్ని సిరుగుప్పకు తీసుకుపోయి మట్టి చేసినారు. ఊరి కొళాయిలన్నీ కట్టేసి, మళ్ళా ఈ పొద్దే వదిలినారు. నీళ్ళు సన్నగా, దారం మాదిరి వస్తాండాయి.

“వద్దురా మహేశా. వేరే వాళ్ళను పంపమను.”

“వేరే వాళ్ళంటే ఎర్రిస్వామి ఉండాడు. గట్టు మీద తాడు పట్టుకునేటోడు, ఇంతవరకు మునిగిందే లేదు. నేను దిగకుంటే వాణ్ణి దింపుతారు. ఊరంతా బిందెలు పెట్టుకోని కూచ్చోనుంది.” వాడు అక్క మొహంలోకి చూసి గొంతు తగ్గించినాడు. “సీలు నువ్వేస్తే నాకు భయం లేదక్కా. నువ్వు వేయకుంటే సైకిలు ట్యూబు ముక్క కట్టుకోని అయినా దిగుతా.”

“కట్టుకో. ట్యూబు కట్టుకో, దాంట్లోకి గాలి కూడా కొట్టుకో. ఆ మెడ మీద తలకాయనేది ఉందో లేదో ఒకసారి తడుముకో.”

తిట్టింది గానీ, ఆమె చేతులు అప్పటికే డ్రెస్సు మెడ పట్టి చూస్తాండాయి. అమ్మ పోయినప్పుడు మహేశ్వర్‌కు పాలపళ్ళు కూడా ఊడలేదు. సంకనేసుకొని పెంచింది. తనకు పిల్లల్లేరు, మొగుడు లేడు, ఈ లోకంలో తనోడని చెప్పుకునేదానికి వీడొక్కడే. వీని మొండితనం కూడా తన చేతుల్లో పెరిగిందే. దిగుతానన్నాక దిగుతాడు. అట్లాంటప్పుడు తను చేయగలిగిందల్లా ఒకటే, చుక్క నీళ్ళు లోపలికి రాకుండా సీలు వేయడం.

“ఎవరిదిరా ఈ డ్రెస్సు? నీది కాదే.”

“కంపెనీది” అని వాడు చూపు తిప్పుకున్నాడు. “నేను ఆదోనికి పోయి సిలిండర్లలో గాలి పట్టించుకోని సందెకంతా వస్తా.” పోతా పోతా గడప కాడ ఆగి, ఏదో చెప్పబోయి, చెప్పకుండానే వానలోకి పోయినాడు.

సరస్వతి పనిలో కూర్చుంది. ఇస్త్రీపెట్టె వేడితో పాత మెడ సీలు కొంచెం కొంచెంగా ఊడబీకింది. ఒక పక్క అంచు నుంచి కిందికి చిరిగి ఉంది. చిరుగు చుట్టూ గోళ్ళు దిగిన గుర్తులు. తొడుక్కునేటప్పుడు ఎవరో మొరటుగా లాగినారనుకుంది. పాత సీలు రంధ్రం కొలిస్తే మహేశ్వర్ మెడ కంటే బాగా పెద్దది. ఏ ఎద్దు మెడోనికి కోసినారో అని తనలో తను గొణుక్కుంది.

ఉప్పుకాగితంతో అంచు గరుకు చేసి, సొల్యూషన్ జిగురు ఒక పూత పూసి ఆరబెట్టి, గట్టిపడే మందు కలిపి రెండో పూత పూసింది. సీలు ముడతలు పడకుండా అతుక్కోవాలంటే లోపల గుండ్రటిది ఏదైనా బిగించాల. అటూ ఇటూ చూసి, నీళ్ళు తాగే ఇత్తడి చెంబు తీసుకుంది. సరిగ్గా మనిషి మెడంత ఉంది. ఉత్త చెంబు నిలవకుండా పక్కకు వాలిపోతాంటే, కొళాయి కింద పెట్టి అంచు దాకా నింపింది. ఆ బరువుకు చెంబు డ్రెస్సు మెడలో కదలకుండా కూర్చుంది.

బల్ల మీద పరిస్తే నీళ్ళు ఒలికిపోతాయి కాబట్టి డ్రెస్సును గోడకు ఆనించి ఇనప కుర్చీలో కూర్చోబెట్టింది. చేతుల సీళ్ళలో స్టీలు గ్లాసులు దోపింది. పని మధ్యలో ఆకలేస్తే జొన్నరొట్టె, శనగపప్పు పొడి విప్పుకొని సగం తినింది. మిగతా సగం స్టీలు తట్టలోనే ఉంచి, తట్టను డ్రెస్సు ముందరున్న స్టూలు మీద పెట్టి చేతులు కడుక్కుంది. ఇవన్నీ ఆమె ఏమీ అనుకోకుండా చేసిన పనులు. ఎవరైనా అంతే చేస్తారు.

సీళ్ళు పట్టుకునేసరికి పొద్దు గూకింది. మబ్బు పట్టి ఉన్నందుకు చీకటి ఇంకా ముందే వచ్చింది. చెంబు మీదే సీలు సాగదీసి, మహేశ్వర్ మెడ కొలతకు వచ్చేదాకా అంచున రబ్బరు వలయాలు ఒక్కొక్కటీ కత్తెరతో కోసింది. ఇక్కడే ఉంది ఆ పనిలో కిటుకంతా. ఒక్క వలయం తక్కువ కోస్తే మెడ బిగుసుకొని మనిషికి కండ్లు తిరుగుతాయి. ఒక్క వలయం ఎక్కువ కోస్తే నీళ్ళు కారతాయి. తమ్ముని మెడ ఆమెకు కొత్తది కాదు. వాని చొక్కాలన్నీ ఆమె కుట్టించినవే.

పౌడరు చల్లేదానికని మెడ పక్క మడత తిప్పితే లోపల తెల్ల రంగుతో రాసిన అక్షరాలు కనపడినాయి. ఒక పేరు.

ఆమె ఫోను తీసి తమ్మునికి చేసింది.

“రేయ్, ఇది ఈరప్ప డ్రెస్సు కదరా?”

అవతల ఆటో చప్పుడు, వాన చప్పుడు. ఆ తర్వాత వాని గొంతు. “ఇంకోటి లేదక్కా. నాది చినిగిపోయి హోస్పేటకు పంపినారు. చెప్తే నువ్వు ముట్టుకోవని...” మాట మధ్యలో కట్టయిపోయింది. మళ్ళా చేస్తే కలవలేదు.

సరస్వతికి కోపం రాలేదు. జాలేసింది. ఈరప్ప ఒకసారి ఈ షాపుకు వచ్చినాడు. గడపలో ఆ పెద్ద ఆకారం పట్టక, తల వంచి నవ్వుకుంటా, అక్కా అని పిలిచి మజ్జిగ తాగి పోయినాడు. ఆ చిరుగు, ఆ గోళ్ళ గుర్తులు ఎవరివో ఇప్పుడు తెలిసింది. కుర్చీలో ఉన్న డ్రెస్సు భుజం మీద చెయ్యి వేసి, బతికున్నోనితో మాట్లాడినట్టే మాట్లాడింది.

“ఏం నాయనా ఈరప్పా. ఎంత కష్టపడినావో పాపం. రా నాయనా...”

ఎందుకనింది అంటే ఏం చెప్తాం. మా పక్క ఆడోళ్ళు చనిపోయినోళ్ళతో అట్లనే మాట్లాడతారు. అంతలో కరెంటు పోయింది.

ఛార్జింగు లైటు వెతికి వెలిగించింది. దాని వెలుతురు బల్ల దాటి పోవడం లేదు. రేకుల మీద వాన. లారీలోళ్ళు ఎవరూ లేరు, పక్కనున్న టీ కొట్టు ఉరుకుందమ్మ కూడా ఎప్పుడో షట్టరు దించేసి పోయింది. గదిలో సొల్యూషన్ వాసన. దాని కింద ఇంకో వాసన, సన్నగా. పాచి వాసన. ఎండిన చెరువు అడుగు తవ్వితే వస్తాదే, అట్లాంటిది.

మిగిలింది గాలి కొట్టి చూడడమే. ఛాతీ మీదుండే వాల్వుకు పంపు తగిలించి కాలితో తొక్కింది. డ్రెస్సు మెల్లమెల్లగా లేచింది. ముందు పొట్ట, తర్వాత తొడలు, తర్వాత భుజాలు. గాలి నిండేకొద్దీ చేతులు కుర్చీ మీంచి పైకి తేలినాయి. గాలి నిండితే చేతులు లేస్తాయి. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా పంపు ఆపి ఒక అడుగు వెనక్కి వేసింది. ఇత్తడి తల పెట్టుకొని, ఛాతీ విరుచుకొని, ఒక మనిషి కుర్చీలో కూర్చోనున్నాడు.

సబ్బు నురగ కుంచెతో చేతుల సీళ్ళకు పూసింది. బుడగ లేదు. మెడ చుట్టూ పూసింది. లైటు దగ్గరగా పట్టుకొని చూసింది.

బుడగలు లేచినాయి.

ఎక్కడో సందు ఉందనుకొని వేలితో నొక్కబోయింది. బుడగలు ఆగిపోయినాయి. వేలు తీసింది. కాసేపు ఏమీ లేదు. మళ్ళా లేచినాయి... మళ్ళా ఆగినాయి.

ట్యూబుకు బొక్క పడితే గాలి ఒకే తీరుగా వస్తాది. ఇన్నేండ్లల్లో ఆమె చూసిన బొక్కలన్నీ అట్లాంటివే. ఆగి ఆగి గాలి వదిలే బొక్కను ఆమె చూడలేదు. బుడగలు లేస్తాండాయి... ఆగుతాండాయి... లేస్తాండాయి. చూసి చూసి, తన ఊపిరి కూడా వాటితో పాటే పోతాందని, వాటితో పాటే ఆగుతాందని ఆమెకు ఉన్నట్టుండి తెలిసింది.

కండ్లు పైకెత్తింది. చెంబులో నీళ్ళు సగానికి దిగిపోయినాయి. కింద నేల పొడిగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు.

మా పక్క కొన్ని ఇండ్లల్లో ఒక పద్ధతి ఉంది. నీళ్ళలో పోయినోళ్ళను ఎక్కడ మట్టి చేసినా, వాళ్ళు మాత్రం ఆ నీళ్ళలోనే ఉండిపోతారంటారు. తోవ తెలీక. అందుకని అమావాస్య పొద్దు ఇంటోళ్ళు చెంబు తీసుకొని గట్టు మీదికి పోతారు. ఆ నీళ్ళు చెంబులో ముంచి, పోయిన మనిషి గుడ్డ దానికి చుట్టి, ముందర ఇంత రొట్టె పెట్టి, పేరు పెట్టి రమ్మని పిలుస్తారు. వచ్చినట్టు గుర్తు కనపడితే వెనక్కి చూడకుండా ఇంటికి తీసుకుపోతారు. సరస్వతి చిన్నప్పుడు వాళ్ళ అవ్వ చేస్తాంటే చూసింది. ఈరప్పను పిలుచుకుపోయేదానికి వాళ్ళమ్మ బసమ్మ ఈ అమావాస్యకు వస్తాదని మహేశ్వరే చెప్పినాడు.

చెంబు. ఆ చెరువు నీళ్ళే, కొళాయిలో వచ్చినవి. ఆయప్ప తొడుక్కున్న గుడ్డ. ముందర రొట్టె. పేరు పెట్టి... రా నాయనా అని.

కన్నతల్లి చేయాల్సిన పని, ఏమీ కాని తను, ఒక్కటి కూడా తప్పకుండా చేసి కూర్చుంది. లైటు బల్ల మీద పెట్టి, వీపు గోడకు రుద్దుకుంటా గడప దాకా పోయింది. తలుపు తీసింది. వాన జల్లు మొహాన కొట్టింది. ఒక్క పరుగు తీస్తే ఎదురుగా పెట్రోలు బంకు, మనుషులు.

కాలు బయట పెట్టి, ఆగింది.

పరిగెత్తితే డ్రెస్సు ఇట్లే ఉంటాది. మెడ కాడ గాలి కారుతాందో లేదో తేలకుండానే ఉంటాది. వాడు వస్తాడు, చూస్తాడు, సీలు వేసుంది కదా అని పొద్దున్నే తొడుక్కొని దిగుతాడు. అప్పుడు ఎర్రిస్వామి తాడు లాగితే పైకి వచ్చేది ఏంది? ఆ మాట మనసులోకి రాగానే, దెయ్యం కంటే అదే ఎక్కువ భయమేసింది ఆమెకు. తలుపు మూసి మళ్ళా లోపలికి వచ్చింది.

కుర్చీ పక్కకు పోయి, మళ్ళా నురగ పూసింది. ఒకపక్క సీలు అంచు రవ్వంత పైకి లేచింది. అక్కడ సొల్యూషన్ పెట్టి చెంచా వెనకతో రుద్దింది. అంత దగ్గర నిలబడితే ఆ డ్రెస్సు నుంచి చల్లదనం తగులుతాంది. పాచి వాసన ఇప్పుడు సన్నగా లేదు.

ఇంకో మారు నురగ పూసింది. బుడగలు లేవు. చూస్తానే నిలబడింది. లేవు. అమ్మయ్య అనుకుంది.

కిర్రుమని రబ్బరు చప్పుడైంది.

డ్రెస్సు కుడిచెయ్యి మోచేతి కాడ వంగుతాంది. మెల్లగా... చాలా మెల్లగా. గాలి నిండిన చెయ్యి చాపుకుంటాది గానీ వంగదు. వంగి, వంగి, మణికట్టుకు దోపిన స్టీలు గ్లాసు మెడ కాడికి వచ్చింది. చెంబుకు తగిలింది.

ఠంగ్.

ఆమె కదల్లేదు.

ఠంగ్... ఠంగ్...

ఆగి ఆగి కొడతాంది. గట్టిగా ఏం కాదు. అడుక్కునే మనిషి గిన్నె తట్టినట్టు. గ్లాసు అంచు సీలు కిందికి దూరేదానికి చూస్తాంది, జారిపోతాంది, మళ్ళా చూస్తాంది. అప్పుడు అర్థమైంది సరస్వతికి. బిగువు. ఆయప్పది ఎద్దు మెడ. తను కోసింది మహేశ్వర్ కొలతకు. సందు ఇప్పుడు పూడిపోయింది. ఊపిరాడటం లేదు.

బల్ల మీద కత్తెర ఉంది. ఇంకొక్క వలయం కోస్తే చాలు. అది ఆమెకు తెలుసు. తన చెయ్యి కత్తెర మీద పడటం ఆమె చూసింది. ఊపిరాడని మనిషి ఎదురుగా కొట్టుకుంటాంటే కోయకుండా ఎట్లుండేది? కత్తెర నోరు తెరిచి సీలు అంచుకు పట్టించింది. గ్లాసు తట్టడం ఆగింది. కోయమని ఎదురుచూస్తాంది.

ఈ ఒక్క వలయం పోతే, పొద్దున ఆ సందులో నుంచే నీళ్ళు వస్తాయి.

“లేదప్పా” అనింది. “నేను కోయలేను. ఇది నా తమ్ముని మెడ.”

ఠంగ్.

“నీ కాళ్ళు మొక్కుతా నాయనా. తెలీక పిలిచినా. మీ అమ్మ వస్తాంది... అమ్మతో పాటు పో. అంతవరకు ఈడనే ఉండు, నాతో ఉండు. రోజూ రొట్టె పెడతా. వాని వెంట మాత్రం పోవద్దు... వాణ్ణి ఇడ్సిపెట్టు.”

ఠంగ్. ఠంగ్. ఠంగ్. ఠంగ్...

కత్తెర విసిరేసి, రెండు చేతులతో చెంబు పట్టుకొని శక్తికొద్దీ పీకింది. గాలి ఒక్కసారిగా మొహం మీదికి వచ్చింది. చల్లగా, తడిగా, ఒండ్రు వాసనతో. చాలాసేపు వచ్చింది. అంత గాలి ఆమె కొట్టలేదు. ఛాతీ దిగింది, చేతులు వాలినాయి, డ్రెస్సు కుర్చీలో నుంచి జారి నేల మీద ముద్దగా పడింది. చేతిలో ఉన్న చెంబు తిప్పి చూస్తే చుక్క నీళ్ళు లేవు.

మహేశ్వర్ వచ్చేసరికి కరెంటు వచ్చింది. అక్క గడపలో తడుస్తా కూర్చోనుంది. జరిగిందంతా చెప్పింది. వాడు నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయినాడు. డ్రెస్సు ఎత్తి, సీలు మెడకు పెట్టుకొని చూసి, “సరిగ్గా సరిపోయిందక్కా” అన్నాడు. సరస్వతి వాని చేతులు పట్టుకుంది, బతిమాలింది, నా చావు చూస్తావనింది. వాడు వినలేదు. ఎర్రిస్వామికి పెండ్లయి ఏడాది కూడా కాలేదక్కా అన్నాడు.

తెల్లారి చెరువు గట్టు మీద ఆమె నిలబడి చూసింది. వాడు దిగినాడు. నీళ్ళు వాని తల మీద మూసుకున్నాయి. ఎర్రిస్వామి చేతిలో తాడు కదులుతాన్నంతసేపూ ఆమె ఆ తాడు తప్ప ఇంకేమీ చూడలేదు. తూము నుంచి గడగడమని నీళ్ళు పారే చప్పుడు లేచింది. గట్టు మీదోళ్ళంతా ఈలలేసినారు. కొంచేపటికి మహేశ్వర్ తల పైకి వచ్చింది.

డ్రెస్సు విప్పితే లోపల బనియను మల్లెపువ్వు మాదిరి పొడిగా ఉంది. సరస్వతి ఆ బనియను మీద మొహం పెట్టుకొని ఏడ్చింది. వాడు ఏమీ మాట్లాడలేదు. అలిసిపోయినాడనుకుంది. ఇంటికి తీసుకుపోయి కడుపునిండా పెట్టి పడుకోబెట్టింది. డ్రెస్సును కంపెనీ వాళ్ళు అప్పుడే వ్యానులో వేసుకొని పోయినారు. పీడ పోయిందనుకుంది.

అమావాస్య పొద్దు సిరుగుప్ప నుంచి బసమ్మ వచ్చింది. బక్కపల్చటి ముసలామె. కొడుకు చొక్కా ఒకటి మడతపెట్టి రొమ్ముకు ఆనించుకొని ఉంది. జతగాని తల్లి కదా, పోకుంటే బాగుండదని మహేశ్వర్ వచ్చినాడు. వాణ్ణి ఒంటరిగా పంపలేక సరస్వతి కూడా వచ్చింది. మిట్టమధ్యాహ్నం. ఎండ కాస్తాంది, వాన వెలిసి గట్టు మీద రాళ్ళన్నీ ఆరిపోయినాయి. ముసలామె మొహం చూసేదానికి సరస్వతికి ధైర్యం చాల్లేదు.

బసమ్మ చెంబులో నీళ్ళు ముంచింది. చొక్కా చుట్టింది. రొట్టె పెట్టింది. నీళ్ళ వైపు తిరిగి పిలిచింది.

“ఈరప్పా... బా మగనే... మనెగె హోగోణ బా.”

రా కొడకా, ఇంటికి పోదాం రా అని. చెంబులో నీళ్ళు కదలాల, ఏ పురుగో వచ్చి వాలాల, ఏదో ఒక గుర్తు రావాల. ఏమీ రాలేదు. మళ్ళా పిలిచింది. నీళ్ళు అద్దం మాదిరి నిలబడి ఉన్నాయి. నా కొడుకు ఈడ లేడు అని బసమ్మ వెంటొచ్చిన వాళ్ళతో అనింది. ఆ మాట సరస్వతి గుండెల్లో పొడిచినట్టైంది. షాపులో ఉండమని చెప్పినా కదా, ఆడనే ఉన్నాడేమో, ఈ తల్లిని ఆడికి పిలుచుకుపోయి నిజం చెప్పేద్దాం అనుకుంది. నోరు తెరిచింది.

బసమ్మ ఆఖరి సారి పిలిచింది.

“బందే అవ్వా.”

వచ్చినానమ్మా అని. మెల్లగా, నిద్రలో పలికినట్టు. నీళ్ళలో నుంచి కాదు. సరస్వతి పక్కనుంచి.

మహేశ్వర్ బసమ్మ వైపు చూస్తాండాడు. ముసలామె చెంబు వదిలేసింది. భయపడలేదామె. వచ్చి, వాని మొహంలోకి తేరిపార చూసి, కుడిచెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. సరస్వతి వాని ఎడమచెయ్యి పట్టుకుంది. మహేశా, రేయ్ మహేశా అని పిలిచింది. ఇటు తిరగలేదు. ఆమె చేతిలో ఉన్న చెయ్యి తమ్మునిదే, తనకు తెలిసిన చెయ్యే, వెచ్చగా, పొడిగా ఉంది. పోనీకుండా గట్టిగా పట్టుకుంది.

వాడు నీళ్ళలోకి దిగి అప్పటికి ఎన్నాళ్ళో అయింది. అయినా అవతల, ఆ ముసలామె వేళ్ళ సందుల్లో నుంచి, ఒండ్రు కలిసిన నీళ్ళు ధారగా కారి గట్టు రాళ్ళను తడుపుతాండాయి.